చెక్క పారిపోతోంది మాస్టారూ!

పోయిన సంచికలో చిత్రిక, అంటే చెక్కని నున్నగా చేసే పనిముట్టు, దాని బ్లేడు నూరడం గురించి రాశాను కదా. చాలామంది నూరేశారట, సంతోషం. అసలు తగాదా ఇప్పుడే మొదలైంది. మొద్దు బ్లేడుతో ఇన్నాళ్లూ పైపైన గీకి ఊరుకున్నవాళ్లు ఇప్పుడు నిజంగా తోస్తున్నారు, తోసేసరికి చెక్క బల్ల మీంచి బయల్దేరి గోడకి తగులుతోంది. ఈ నెల ఉత్తరాల్లో సగం ఇదే గోడు. అందుకని ఈసారి పాలిష్ ప్రశ్నలు, చెదల ప్రశ్నలు పక్కన పెట్టి, చెక్కని పట్టి ఉంచడం గురించి వచ్చినవే తీసుకున్నాను. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లు ఎక్కువగా ఉన్నారు, అందుకే ఊళ్లు మాత్రం వేస్తున్నాను.

ఇంకో మాట, పనిముట్ల పేర్ల గురించి. 1936లో మా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్లింది గానీ, చిత్రికని మేం చిత్రిక అనే అంటున్నాం. మీ ఊరి కొట్లో ఒడియా అబ్బాయి ఉంటే రందా అని అడగండి, సిరొంచ వైపు మరాఠీ కొట్లో అయితే రంధా అనాలి. నేను చిత్రిక అనే రాస్తాను, అలవాటు.

*మాస్టారూ, రైల్వేలో రిటైరై రాయగడలోనే ఉండిపోయాం. మనవరాలికి చదువుకునే బల్ల చేద్దామని పాత టేకు తలుపు పలకలు కొన్నాను. చిత్రిక పడుతుంటే పలక ముందుకి జారిపోతోంది. మా ఆవిడ అవతలి కొస పట్టుకునేది, నిన్న విసుగొచ్చి లేచి వెళ్లిపోయింది. బజార్లో నాలుగంగుళాల ఇనప వైస్ చూశాను. కొనెయ్యమంటారా?* (రాయగడ)

ముందు ఆవిడకి క్షమాపణ చెప్పండి. మీరు తోసే బ్లేడుకి ఎదురుగా ఆవిడ వేళ్లు పెట్టించారు. విసుక్కుని వెళ్లిపోవడం ఆవిడ చేసిన మంచి పని.

ఆ వైస్ కొనకండి. మీరు చూసింది ఇనుము పనివాళ్లది అయ్యుంటుంది. బల్ల మీద గుమ్మటంలా పైకి లేచి ఉంటుంది, దవడల మీద గరుకు గాట్లు ఉంటాయి, ఆకురాయితో ఇనుము రుద్దడానికి అది బావుంటుంది. టేకు పలకని అందులో బిగిస్తే రెండు పక్కలా పళ్లు దిగుతాయి, పలక బల్లకి అరడుగు ఎత్తున గాల్లో వేలాడుతుంది. దాని మీద చిత్రిక ఎలా పడతారు చెప్పండి.

డబ్బు తియ్యకుండానే అయ్యే పని ఉంది. చిత్రిక తోసేటప్పుడు మీ బలం ఎటు పోతోందో ఒకసారి చూసుకోండి. ముందుకి, కాస్త కిందికి. కింద బల్ల ఉంది, ఆపుతుంది. ముందు ఏమీ లేదు. అంటే పలకకి పారిపోవడానికి ఉన్న దారి ఒక్కటే, ఆ దారికి అడ్డు వేస్తే సరిపోతుంది. ఎటు తోస్తే అటు అడ్డు. ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగతా ఉత్తరాలకి నేను రాసే జవాబులు సగం మీరే రాయగలరు. వైస్ అంటే రెండు పక్కల నుంచీ నొక్కి ఎటూ కదలకుండా పట్టేది. చాలా పనులకి అంత నొక్కుడు అక్కర్లేదు.

ఈ సాయంత్రమే ఇలా చెయ్యండి. ఆరు మిల్లీమీటర్ల మందం, ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఎనిమిది అంగుళాల పొడవు ఉన్న గట్టి చెక్కముక్క ఒకటి తీసుకోండి. తుమ్మ దొరికితే తుమ్మ, లేకపోతే ప్లైవుడ్ ముక్కయినా పర్లేదు. బల్లకి ఎడమ కొసన, అంటే మీరు తోసే వైపు, అడ్డంగా పెట్టి రెండు స్క్రూలు బిగించండి. మీది కుడిచేతి వాటం అనుకుని చెబుతున్నాను, ఎడమచేతి వాటమైతే కుడి కొసన. స్క్రూ తలలు చెక్కలోకి పూర్తిగా దిగిపోవాలి, ఒక్కటి పైకి కనిపించినా మీ కొత్త పదును గోవిందా. ఇప్పుడు పలక ముందు కొస దానికి ఆనించి తొయ్యండి. పలక ఎక్కడికీ పోదు. అడ్డు ఎత్తు పలక మందం కంటే తక్కువ ఉండాలి, అదొక్కటే షరతు.

తరవాత తీరిగ్గా అసలు అడ్డుకొయ్య చేసుకోవచ్చు. బల్లలో రెండంగుళాల చదరపు బెజ్జం తొలిచి, అందులో పట్టుగా దిగే పది పన్నెండు అంగుళాల దిమ్మ పెడతారు. కింద నుంచి కొయ్యసుత్తితో ఒక దెబ్బ వేస్తే పైకి లేస్తుంది, పై నుంచి వేస్తే దిగుతుంది, పలక మందాన్ని బట్టి ఎత్తు మార్చుకోవచ్చు. బెజ్జం మరీ వదులుగా తొలిచేశారనుకోండి, దిమ్మ పక్కన తోలు ముక్క అంటించండి. నాది అలాగే ఉంది, పాత చెప్పు తోలు.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. నేరుగా తోస్తే అడ్డు ఆపుతుంది సరే, పలక మీద ఏటవాలుగానో అడ్డంగానో చిత్రిక పడితే? వెనక కొస చక్రంలా తిరుగుతుంది. దానికి పంగ చెక్క కావాలి. పన్నెండు మిల్లీమీటర్ల మందం, ఆరంగుళాల వెడల్పు, ఒకటిన్నర అడుగు పొడవు ఉన్న పలక తీసుకుని, ఒక కొసన మూలమట్టం (లంబకోణం చూసే పనిముట్టు) సరిగ్గా కూర్చునేలా వి ఆకారంలో గాటు కొయ్యండి. ఆ గాటులో మీ పలక వెనక మూల కూర్చుంటుంది. పంగ చెక్కని ఏటవాలుగా పెట్టి దాని రెండో కొసని బల్లకి ఒక సి-క్లాంపుతో బిగించండి. ముందు అడ్డుకొయ్య, వెనక మూలలో పంగ, మధ్యలో పలక. మీద ఏ క్లాంపూ లేదు కాబట్టి చిత్రిక ఈ కొస నుంచి ఆ కొస దాకా తగలకుండా పోతుంది. పలక ఎత్తి తిరగేసి చూసుకోవాలంటే అలా ఎత్తి ఇలా పెట్టుకోవచ్చు. వైస్ అయితే ప్రతిసారీ తిప్పుతూ కూర్చోవాలి.

పాత తలుపు పలకలన్నారు కాబట్టి ఇంకోటి చెప్పి వదిలేస్తాను, ఇది నేను చాలా చెక్క పాడు చేసి నేర్చుకున్నది. పలక పల్లెంలా వంగి ఉంటుంది. దాన్ని బల్లకి అదిమి క్లాంపు వేసి చిత్రిక పడితే చక్కగా చదునైపోతుంది, మీరు మురిసిపోతారు, క్లాంపు తీయగానే టక్కున మళ్లీ పల్లెం. అదిమినప్పుడు చదునుగా ఉన్నది పలక కాదు, మీ క్లాంపు బలం. అందుకని అదమకండి. బోర్లించిన పల్లెంలా పెట్టండి, అంటే గుంట కిందికి. అప్పుడు రెండు అంచుల మీద నిలబడుతుంది. ఇంకా ఏ మూలైనా ఊగుతుంటే ఆ మూల కింద పాత పెళ్లి శుభలేఖ అట్ట మడిచి దూర్చండి, ఊగడం ఆగేదాకా మడతలు పెంచండి. అప్పుడు అడ్డుకి ఆనించి పైన ఉబ్బిన చోట మాత్రం చిత్రిక పట్టండి. మా ఇంట్లో శుభలేఖలన్నీ ఇలాగే ఖర్చయ్యాయి.

*గురువుగారూ, బల్లకి కన్నం వేసి అందులో దించే ఇనప కొక్కెం మా కమ్మరి చేత చేయించాను. కడ్డీ 16 ఎంఎం, కన్నం 20 ఎంఎం, బల్ల పలక మందం ఒకటిన్నర అంగుళం. సుత్తితో కొడితే పట్టుకున్నట్టే ఉంటుంది, ఉలి రెండు దెబ్బలు పడగానే లేచిపోతుంది. కమ్మరిదా తప్పు, నాదా?* (గుణుపురం)

ఇద్దరిదీ కొంచెం కొంచెం, మీదే ఎక్కువ. తెలియనివాళ్ల కోసం చెబుతాను, ఇంగ్లీషువాళ్లు హోల్డ్‌ఫాస్ట్ అనే వస్తువు ఇది. ఇంగ్లీషు అంకె ఏడు (7) లాగో, తలకిందులు చేసిన గొడుగు పిడిలాగో ఉంటుంది. కడ్డీ కన్నంలోకి దిగుతుంది, వంపు కొస చెక్క మీద ఆనుతుంది. కడ్డీ నెత్తిన ఒక దెబ్బ వేస్తే బిగుస్తుంది, వంపు వెనక ఒక దెబ్బ వేస్తే వదిలేస్తుంది. స్క్రూ లేదు, తిప్పుడు లేదు. నాకు బల్ల మీద ఒక్క సామానే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

ఎలా పట్టుకుంటుందో తెలిస్తే మీది ఎందుకు వదిలేస్తోందో తెలుస్తుంది. దెబ్బ పడగానే వంపు కొస చెక్కని నొక్కుతుంది, చెక్క కిందికి పోలేదు కాబట్టి వంపు స్ప్రింగులా కొద్దిగా తెరుచుకుని కడ్డీని కన్నంలో వాలేలా చేస్తుంది. వాలిన కడ్డీ పైన ఒక పక్క అంచుని, కింద దానికి ఎదురు పక్క అంచుని కరుచుకుంటుంది. ఆ రెండు కరుపులే దాని పట్టు. పాత బక్కెట్టు తాడు గిలకలో అడ్డంగా ఇరుక్కుంటుంది చూశారా, అలాంటి ఇరుకుడే.

మీ కన్నం కడ్డీ కంటే నాలుగు మిల్లీమీటర్లు పెద్దది, బల్ల పలకేమో పల్చన. దాంతో కడ్డీ బాగా వాలిపోతోంది, కరవాల్సినట్టు కరవడం లేదు. కన్నం కడ్డీ కంటే ఒక్క మిల్లీమీటరు పెద్దదుంటే చాలు. మందం రెండున్నర నుంచి మూడున్నర అంగుళాలు ఉంటే హాయి. పాత కన్నం వదిలెయ్యండి, దాన్ని పూడ్చే ప్రయత్నం కూడా చెయ్యకండి, వేరే చోట చూసుకోండి. బల్ల కింద ఒకటిన్నర అంగుళం మందం, అడుగు చదరం ఉన్న మద్ది ముక్క జిగురేసి స్క్రూలతో బిగించి, పై నుంచి రెండూ కలిపి 17 ఎంఎం కన్నం వెయ్యండి. నిట్టనిలువుగా రావాలి. డ్రిల్ మిషన్‌కి ముందు ఒక మూలమట్టం, పక్కన ఒకటి నిలబెట్టుకుని వాటిని చూస్తూ దించండి. అటూ ఇటూ తూగిందంటే కన్నం నోరు వెడల్పవుతుంది, మళ్లీ మొదటికే వస్తారు.

ఇప్పుడు కమ్మరి వాటా. వంపు కొస చెక్కని ఎక్కడ తాకుతోందో చూడండి. కార్బన్ పేపర్ ముక్క కింద పెట్టి ఒక దెబ్బ వేస్తే మచ్చ పడుతుంది. మచ్చ కొసకి అవతలి చివర పడాలి. కడ్డీ వైపు పడిందంటే వంపు చాలలేదు, మళ్లీ కాల్చి కొస ఇంకాస్త కిందికి దించమనండి. కడ్డీ మరీ నున్నగా ఉన్నా జారుతుంది, ఎమరీ పేపర్ దాని చుట్టూ గాజులా తిప్పి రుద్దండి, నిలువుగా రుద్దితే ఉపయోగం లేదు. నూనె మాత్రం రాయకండి. తుప్పు పడుతుందని భయపడి నూనె రాసి, పట్టడం లేదని నాకు ఉత్తరం రాసినవాళ్లున్నారు. పల్చటి తుప్పు దానికి మేలే చేస్తుంది. కొందరు టీఎంటీ కడ్డీ వంచి వాడుతున్నారు, ఆ గాట్లు కన్నం అంచుల్ని కొరుక్కు తినేస్తాయి, నాకు నచ్చదు.

వానాకాలానికీ వేసవికీ కన్నం కొలత కాస్త మారుతుంది, వంశధార గాలికి కొయ్య అలా ఆడుతుంది, దానికి టెన్షన్ పడకండి. వంపు కొస కింద ఎప్పుడూ ఒక పనికిరాని చెక్కముక్క పెట్టండి, లేకపోతే మంచి పలక మీద అర్ధచంద్రం పడుతుంది.

*నమస్తే సార్. మాది సిరొంచ తాలూకా. మా బాపు (నాన్న) వడ్ల పని, అంటే వడ్రంగం చేస్తారు, నలభై ఏళ్లుగా నేల మీదనే కూర్చొని పాదంతో కట్టెను నొక్కిపట్టి పని చేస్తున్నారు. నేను ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చదువుతున్నాను. అక్కడ సార్లు కాలితో పట్టొద్దు, వైస్‌లో పెట్టాలంటారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే బాపు నవ్వుతున్నారు. ఎవరి మాట వినాలి?* (సిరొంచ)

అమ్మా, ఈ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆడపిల్ల వడ్రంగం నేర్చుకుంటోందని కాదు, ప్రశ్న అంత బావుంది.

మీ బాపుగారి పాదం లాంటి క్లాంపు ఏ కంపెనీ అమ్మడం లేదు. బొటనవేలు నొక్కుతుంది, మడమ ఆపుతుంది, చెక్కని తిప్పాలంటే సెకనులో వదిలి సెకనులో పడుతుంది, పైగా చెక్క కదలబోతోందని ముందే తెలుస్తుంది. ఇనప వైస్‌కి తెలియదు. నేను పనిచేసిన బడికి తలుపులు బిగించడానికి ఒక పెద్దాయన వచ్చేవాడు, ఆయన చిత్రిక పట్టేటప్పుడు రెండు చేతులూ తోస్తుంటే పాదం మాత్రం పలక వెంట దానంతటది నడిచేది. నేను క్రాఫ్ట్ మాస్టర్ని, బల్ల ముందు నిలబడి పాఠం చెప్పేవాణ్ణి, పిల్లలు నా పాఠం మానేసి కిటికీలోంచి ఆయన కాలు చూసేవాళ్లు.

మీ సార్లు చెప్పేదాంట్లోనూ తప్పు లేదు. పాతికమంది పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి కాళ్ల దగ్గర ఉలులు నడిపించే ధైర్యం ఎవరికుంటుంది? మీ బాపుకి నలభై ఏళ్ల చూపు ఉంది, మీకు ఇంకా లేదు. రంపం కోతకి, చిత్రికకి, రంధ్రం వెయ్యడానికి పాదంతో పట్టుకోవచ్చు, ఆ మూడింట్లోనూ పదును పాదానికి దూరంగా ఉండేలా కూర్చోవచ్చు. ఉలికీ, చెక్కని చెక్కే బాడిసకీ మాత్రం వద్దు. ఉలి జారితే ఎటు పోతుందో ముందే చూసుకుని, ఆ దారిలో మీ ఒంటి ముక్క ఏదీ లేకుండా కూర్చోవాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ల వయసులో చిన్న ముక్కని ఎడమ అరచేతిలో పట్టుకుని కుడిచేత్తో ఉలి తోస్తున్నాను, చిన్న ముక్కకి కూడా వైస్ ఎందుకు అనుకున్నాను. చెక్కలో ముడి వచ్చింది, ఉలి ఆగింది, ఇంకా గట్టిగా తోశాను. ఆ తరవాత ఉలి ఆగలేదు. నాలుగు కుట్లు పడ్డాయి, బొటనవేలు మొదట్లో ఇప్పటికీ చలికాలం లాగుతుంది.

మీ ఇద్దరికీ పనికొచ్చే దారి ఒకటుంది. మోకాలెత్తు బల్ల. జర్మనీలో సాల్‌బర్గ్ అనే చోట రోమన్ల కాలం నాటి కోట ఉంది, అక్కడి పాత బావిలో దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి పని బల్లలు దొరికాయి. అవి నిలబడి పనిచేసే బల్లలు కావు, మన పీటకి కాళ్లు పెంచినట్టుంటాయి. దాని మీద కూర్చుని, గుర్రమెక్కినట్టు అటూ ఇటూ కాళ్లేసుకుని, చెక్కని మన బరువుతోనే పట్టుకోవచ్చు. అంటే మీ బాపు చేసే పనే, కాస్త ఎత్తు మీద. నలభై ఏళ్లు నేల మీద కూర్చున్న మోకాళ్లు ఇప్పుడు ఏమంటున్నాయో ఆయన్నే అడగండి, నవ్వు ఆపి నిజం చెబుతారు.

అయిదడుగుల పొడవు, అడుగు వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉన్న మద్ది పలక చూడండి. టేకు వద్దు. మీ పక్కనే ఆలాపల్లి అడవి, పైన బల్లార్షా డిపో, 2023లో అయోధ్య గుడికి కూడా అక్కడి టేకే వెళ్లింది, అంత కలపని మనం కూర్చోవడానికి వాడటం ఎందుకు. ఎత్తు మీ మోకాలి దాకా, అంటే పదిహేడు పద్దెనిమిది అంగుళాలు. ముందు కొసన అంగుళం కన్నాలు రెండు వేసి గట్టి కొయ్య మేకులు దించితే అదే అడ్డు. పలక పొడవునా రెండు వరసల్లో కన్నాలు వేసుకోండి. చెక్కని నిలువంచు మీద నిలబెట్టాలనుకోండి, ఇటు రెండు మేకులు, అటు రెండు మేకులు, చెక్కకీ మేకులకీ మధ్య సందులో ఏటవాలుగా చెక్కిన చీల కొట్టండి. చీల వాలు ఎనిమిది అంగుళాల పొడవుకి ఒక అంగుళం ఉండాలి. అంతకంటే నిటారుగా చెక్కితే కొట్టిన చీల వెనక్కి కక్కుకుంటుంది, పల్చగా ఉంటే దిగి కూర్చుంటుంది. బెజ్జం తొలిచేటప్పుడు మాత్రం చెక్క మీదే కూర్చోండి, ఉలి మీ ముందు, మీ నుంచి అవతలికి. అంతకంటే గట్టి వైస్ మీ ఐటీఐలో కూడా ఉండదు.

చేశాక మొదట బాపుని కూర్చోబెట్టండి.

*తొమ్మిదంగుళాల కార్పెంటర్ వైస్ ఉంది సార్. ఒక పక్కన కుర్చీ కాలు నిలువుగా బిగిస్తే పైకి బిగిసినట్టే ఉంటుంది, రంపం వెయ్యగానే ఊగుతుంది. ఇంకా బిగించాలంటే పిడికి పైపు తొడగమని మిత్రుడు చెప్పాడు.* (కిన్వట్)

పైపు వద్దు. పోత ఇనుము వంగదు, నేరుగా పగులుతుంది. నాది అలాగే పగిలింది, పగిలిన చప్పుడుకి పక్క గదిలోంచి మా అమ్మ పరిగెత్తుకొచ్చింది.

మీ వైస్‌కి స్క్రూ మధ్యలో ఉంది, చెక్క ఒక పక్కన ఉంది. బిగించేకొద్దీ రెండో పక్క దవడ లోపలికి వాలుతుంది, చెక్క మీద పట్టు ఒక గీత మందాన మాత్రమే ఉంటుంది. రెండో పక్కన సరిగ్గా అదే మందం ముక్క పెట్టండి, చాలు. మూడు, ఆరు, పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు కొన్ని కోసి, మేకు గుచ్చి గుత్తిలా వైస్ పక్కన వేలాడదీసుకుంటే ఏ మందమైనా కలుపుకోవచ్చు. దవడలకి చెక్క పలకలు తొడిగారా? లేకపోతే అది ముందు.

*జయపురంలో టీచర్ని. అద్దె ఇల్లు, మేడ మీద, నున్నటి గచ్చు. చెక్క కదలడం లేదు మాస్టారూ, బల్లే కదులుతోంది! పైగా ఉలి దెబ్బలకి కింద ఇంటివాళ్లు గొడవ పెడుతున్నారు.* (జయపురం)

బరువు లేని బల్ల కదలక ఏం చేస్తుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న సాలు కలప పలక ఒక్కటే డెబ్బై కిలోలు తూగుతుంది, టేకయితే యాభై అయిదు. మీది ఆఫీసు టేబులంత ఉంటుంది, ఇరవై కిలోలు ఉందేమో. మేడ మీదికి సాలు దుంగ మోయించమని నేను చెప్పను. కాళ్ల మధ్య కింద ఒక అర కొట్టి, పాతిక కిలోల ఇసుక సంచులు రెండు పెట్టండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇసుక ఓనరుకి వదిలెయ్యొచ్చు. బల్ల ఎడమ కొస గోడకి ఆనించి, మధ్యలో గోనెపట్టా మడత పెట్టండి, మీరు తోసే బలం గోడకి పోతుంది. కాళ్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు. కాళ్లు కత్తెరలా ఊగుతుంటే మాత్రం ఇసుక సరిపోదు, వెనక పక్క మూల నుంచి మూలకి ఒక బద్ద స్క్రూలతో బిగించాల్సిందే.

చప్పుడు సంగతి. బెజ్జం తొలిచేటప్పుడు బల్ల మధ్యలో పెట్టుకుని కొడుతున్నారేమో, అది డప్పే. బల్ల కాలికి సరిగ్గా పైన పెట్టి కొట్టండి, దెబ్బ చెక్కలోకి పోతుంది, తక్కువ దెబ్బలతో పని అవుతుంది. మధ్యాహ్నం రెండింటికి మాత్రం వద్దు, ఎవరి కునుకు వాళ్లది.

చిన్న ముక్కలు కోయడానికి వంటగట్టు చాలు, కోత పలక చేసుకోండి. పది అంగుళాల పలకకి ఒక కొసన కింద వైపు ఒక బద్ద, రెండో కొసన పై వైపు ఒక బద్ద. కింది బద్ద గట్టు అంచుకి తగులుకుంటుంది, చెక్కని పై బద్దకి ఆనించి ఎడమ చేత్తో అదిమి కోస్తారు. రంపం తోసినప్పుడల్లా చెక్క ఇంకా గట్టిగా ఆనుకుంటుంది. ఈ మధ్య ఆన్‌లైన్లో లాగి కోసే జపాన్ రంపాలు కొంటున్నారు, దాంతో కోస్తే చెక్క మీ ఒళ్లోకి వస్తుంది, పలక చెడిందని తిట్టుకోకండి. లాగే రంపానికి పై బద్ద మీ వైపు ఉండాలి, కోత పలక గట్టు అవతలి అంచుకి తగులుకోవాలి, అంతే తేడా.

*బరంపురంలో ఉంటాను. ఇంటి పేరు బోర్డు తెలుగులోనూ ఒడియాలోనూ చెక్కుతున్నాను. పలక పది మిల్లీమీటర్లే. క్లాంపు ఎక్కడ పెట్టినా ఏదో ఒక అక్షరం మీద పడుతోంది, మార్చి మార్చి పెట్టేసరికి పని కంటే అదే ఎక్కువైంది.* (బరంపురం)

తెలుగు గుండ్రాలు, ఒడియా గుండ్రాలు కలిపి చెక్కుతున్నారు, ఉలి అన్ని దిక్కులకీ తిరుగుతుంది. అన్ని దిక్కులకీ తోస్తే అన్ని దిక్కులా అడ్డు కావాలి. ఒక దారి, మీ పలక కంటే పెద్దదైన ప్లైవుడ్ మీద చుట్టూ నాలుగు బద్దలు కొట్టడం. మూడు పక్కల ఆనించి, నాలుగో పక్క చీల దిగేంత సందు వదిలి రెండు చీలలు ఎదురెదురుగా కొట్టండి. బద్దలు ఏడు మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు. ప్లైవుడ్‌ని బల్లకి క్లాంపు చేస్తారు కాబట్టి బోర్డు మీద ఏమీ ఉండదు.

అంచుల దాకా లతలు, పువ్వులు కూడా చెక్కుతానంటే రెండో దారి కాగితం జిగురు. ప్లైవుడ్ మీద తెల్ల జిగురు పల్చగా రాసి, న్యూస్‌పేపరు ఒక్క పొర పరిచి, దాని మీద మళ్లీ జిగురు రాసి, మీ పలక పెట్టి బరువు వేసి రాత్రంతా వదిలెయ్యండి. భూకంపం వచ్చినా కదలదు. చెక్కడం అయ్యాక వెడల్పాటి పల్చటి ఉలి సందులో పెట్టి, చెక్క నార నడిచే వాటం వెంట, కొస నుంచి మెల్లగా తట్టండి. కాగితమే రెండు పొరలుగా చీలిపోతుంది. కంగారుపడి ఒకే చోట గట్టిగా మీటితే పది మిల్లీమీటర్ల పలక చీలుతుంది, నాలుగు పక్కల నుంచీ కొంచెం కొంచెంగా రండి. వెనక మిగిలిన కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి గీకెయ్యండి. బోర్డు తగిలించే ముందు వెనక కూడా ఒక పూత వెయ్యండి, బరంపురం ఉప్పుగాలికి ఒక వైపే పూత వేసిన పలక దీపావళి లోపు వంగుతుంది.